చివరి 15 ఆటల లెక్క

2019 మార్చిలో అమెరికాలో ఒక వ్యక్తి నింపిన అంచనా పట్టిక జాతీయ వార్త అయింది. కళాశాల పురుషుల బాస్కెట్‌బాల్ టోర్నమెంటులో మొదటి రెండు రౌండ్లలోని 48 ఆటల్లోనూ ఆయన ముందుగా రాసిన జట్లే గెలిచాయి. మూడో రౌండులో తొలి ఆట, అంటే 49వది, అదీ ఆయన రాసినట్టే ముగిసింది. 50వ ఆటలో పర్డ్యూ, టెనెసీ విశ్వవిద్యాలయాలు తలపడ్డాయి. ఆయన టెనెసీ అని రాశారు. నిర్ణీత సమయంలో రెండు సెకన్లు కూడా మిగలని వేళ పర్డ్యూ రెండు పాయింట్లు వెనుకబడి ఉంది. మూడు పాయింట్ల గీత అవతలి నుంచి బంతి విసురుతున్న పర్డ్యూ ఆటగాడి మీద ఫౌల్ జరిగింది. అతనికి దక్కిన మూడు ఫ్రీ త్రోలలో (ఎవరూ అడ్డుకోకుండా విసిరే, ఒక్కో పాయింటు బంతుల్లో) రెండు పడ్డాయి, స్కోరు సమమైంది. అదనపు సమయంలో పర్డ్యూ 99-94తో గెలిచింది. 49 ఆటల పాటు చెక్కుచెదరని పట్టిక, 16 జట్లు మాత్రమే మిగిలిన దశలో రెండో ఆటకే తప్పింది.

మార్చ్ మ్యాడ్‌నెస్ అని అభిమానులు పిలుచుకునే ఈ పోటీలో 68 జట్లు ఉంటాయి. నాలుగు ప్రాథమిక ఆటల తరువాత 64 మిగులుతాయి. వాటిని నాలుగు విభాగాలు చేసి, ప్రతి విభాగంలో సీజను ఫలితాలను బట్టి 1 నుంచి 16 దాకా సీడ్లు, అంటే వరుస సంఖ్యలు ఇస్తారు. 1వ సీడ్ అన్నిటికంటే పైది. ఒక్కసారి ఓడితే ఇంటికే. ఐపీఎల్‌లో లీగ్ పట్టికలో మొదటి రెండు స్థానాల జట్లకు మొదటి క్వాలిఫయర్‌లో ఓడినా ఇంకో అవకాశం ఉంటుంది. ఇక్కడ ఎంత గొప్ప జట్టుకైనా ఆ వెసులుబాటు లేదు. 64 నుంచి ఒకటికి చేరడానికి 63 ఆటలు జరగాలి. వాటి ఫలితాలు ఎన్ని రకాలుగా రావచ్చో లెక్కిస్తే 9,223,372,036,854,775,808 వస్తుంది. ఏటా మార్చిలో పత్రికలన్నీ ఈ సంఖ్యను అచ్చువేసి ఆశ్చర్యపోతాయి.

నా ఆసక్తి వేరే సంఖ్య మీద ఉంది: 32,768. స్వీట్ సిక్స్‌టీన్ అనే 16 జట్ల దశ నుంచి మిగిలిన 15 ఆటలు ఇన్ని రకాలుగానే ముగియగలవు. మొదటి సంఖ్య ముందు ఇది చాలా చిన్నది. పైగా అప్పటికి ప్రతి జట్టూ సీజనులో ముప్పైకి పైగా ఆటలు ఆడేసి ఉంటుంది, టోర్నమెంటులో రెండు ఆటలు మన కళ్లముందే గెలిచి ఉంటుంది. సమాచారం పెరిగింది, దారులు తగ్గాయి కనుక జోస్యం సులువు కావాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఒక్కో ఆటను విడిగా చూస్తే మాత్రం అది కష్టమవుతుంది. ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం.

ధాన్యాన్ని జల్లెడ పట్టినప్పుడు ఏం జరుగుతుందో గుర్తు తెచ్చుకోండి. తాలు, నూక కిందికి పోతాయి. పైన మిగిలిన గింజలన్నీ దాదాపు ఒకే పరిమాణంలో ఉంటాయి. వాటిలో ఏది పెద్దదో కంటితో చెప్పలేం. మొదటి రౌండులో 1వ సీడ్ 16వ సీడ్‌తో ఆడుతుంది. 64 జట్ల పద్ధతి మొదలైన 1985 నుంచి 2025 వరకు అలాంటి ఆటలు 160 జరిగితే 1వ సీడ్ 158 గెలిచింది. ఓడిన రెండూ చరిత్రలో నిలిచిపోయాయి. 2018లో మేరీల్యాండ్ బాల్టిమోర్ కౌంటీ విశ్వవిద్యాలయం వర్జీనియాను 74-54తో ఓడించింది. 2023లో ఫెయిర్లీ డికిన్సన్ పర్డ్యూను 63-58తో ఓడించింది. అంతటి ఎగుడుదిగుడు జతలు మొదటి రెండు రౌండ్లలోనే చాలావరకు తీరిపోతాయి. ఇలినాయ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు షెల్డన్ జాకబ్‌సన్ ఈ సీడ్ల గణాంకాలను ఏళ్ల తరబడి పరిశీలించారు. మొదటి రౌండ్లలో మంచి సూచికగా పనిచేసే సీడ్ సంఖ్య, ఎనిమిది జట్లు మిగిలే ఎలీట్ ఎయిట్ దశకు వచ్చేసరికి బలం కోల్పోతుందన్నది ఆయన పరిశోధన చెప్పే విషయం.

సీడ్ పనిచేయకపోతే దేన్ని నమ్మాలి? ఇక్కడ లెక్క అవసరం. కానీ అది కష్టమైన లెక్క కాదు.

బాస్కెట్‌బాల్‌లో బంతి ఒక జట్టు చేతికి వచ్చి, మళ్లీ రెండో జట్టుకు వెళ్లేదాకా సాగేదాన్ని ఒక విడత అనుకుందాం. కళాశాల ఆటలో ఒక్కో జట్టుకు సుమారు 68 విడతలు దక్కుతాయి. కొన్ని జట్లు వేగంగా ఆడి ఎక్కువ పాయింట్లు చేస్తాయి, కొన్ని నిదానంగా ఆడి తక్కువ చేస్తాయి. అందుకే మొత్తం స్కోరును పోల్చడం తప్పు. వంద విడతలకు ఎన్ని పాయింట్లు చేశారు, ఎన్ని ఇచ్చారు అని చూడాలి. ప్రత్యర్థి బలాన్ని బట్టి ఆ సంఖ్యలను సవరించాలి. కెన్ పామెరాయ్ అనే గణాంక నిపుణుడు ఈ పద్ధతితో తయారుచేసే పట్టిక కళాశాల బాస్కెట్‌బాల్ లోకమంతటా వాడుకలో ఉంది. టోర్నమెంటుకు జట్లను ఎంపిక చేసే సంఘం కూడా 1981 నుంచి వాడిన పాత ఆర్‌పీఐ సూచీని వదిలి, 2018-19 సీజను నుంచి ఇలా విడతల మీద కొలిచే సామర్థ్యాన్ని కూడా లెక్కలోకి తీసుకునే నెట్ అనే కొత్త సూచీకి మారింది.

రెండు జట్ల మధ్య వంద విడతలకు 6 పాయింట్ల తేడా ఉందనుకోండి. 68 విడతల ఆటలో అది 4 పాయింట్లు. అంటే బలమైన జట్టు సగటున 4 పాయింట్ల తేడాతో గెలవాలి. కానీ కళాశాల ఆటల ఫలితాలు సగటు అంచనా నుంచి అటూ ఇటూ సుమారు 11 పాయింట్ల మేర చెదురుతాయి. ఈ 11 అనే సంఖ్యే మొత్తం విషయానికి కీలకం. 4 పాయింట్ల ఆధిక్యాన్ని 11 పాయింట్ల ఊగిసలాటతో తూచితే, బలమైన జట్టు గెలిచే అవకాశం 64 శాతం. ఆధిక్యం 8 అయితే 77 శాతం. 20 అయితే 96 శాతం దాటుతుంది. ఆధిక్యం ఒకే పాయింటు అయితే 54 శాతం లోపే, నాణెం ఎగరేయడంతో సమానం. మొదటి రౌండులో 20 పాయింట్ల తేడాలు దొరుకుతాయి. స్వీట్ సిక్స్‌టీన్ తరువాత ఎక్కువ ఆటలు ఒకటి నుంచి ఎనిమిది పాయింట్ల మధ్యే తిరుగుతాయి.

ఇప్పుడు 15 ఆటలనూ వరుసగా సరిగ్గా చెప్పడం గురించి ఆలోచించండి. ప్రతి ఆటలోనూ మీరు ఎంచుకున్న జట్టుకు 65 శాతం అవకాశం ఉందనుకున్నా, అన్నీ నిజమయ్యే అవకాశం దాదాపు 640లో ఒకటి. 70 శాతమని ఉదారంగా లెక్కించినా 210లో ఒకటి. టీవీలో ధీమాగా నాలుగు పేర్లు చెప్పే వ్యాఖ్యాతలను వింటున్నప్పుడు ఈ సంఖ్యలు గుర్తుంచుకోవాలి. వాళ్లకు ఆట తెలియదని నేను అనడం లేదు. ఆట ఎంత తెలిసినా ఆ 11 పాయింట్ల ఊగిసలాట తగ్గదు.

అందరూ తడబడే చోటు ఇంకొకటి ఉంది. ఒక చిన్న జట్టు మొదటి రెండు ఆటల్లో పెద్ద జట్లను మట్టికరిపించి స్వీట్ సిక్స్‌టీన్‌కు వచ్చిందనుకుందాం. దాని మీద మన అభిప్రాయం ఎంత మారాలి? 32 ఆటల తరువాత దాని స్థాయి మనకు కొంత తెలుసు. కొత్త రెండు ఆటల్లోనూ అంచనాకు 12 పాయింట్లు మించి ఆడింది. మొత్తం 34 ఆటల సగటు తీస్తే ఆ 24 పాయింట్ల అదనం ఒక్కో ఆటకు 0.7 పాయింటుగా తేలుతుంది. ఇటీవలి ఆటలకు ఎక్కువ విలువ ఇచ్చినా రెండు పాయింట్లు దాటడం కష్టం. మన మనసు మాత్రం ఆ జట్టు కొత్త జన్మ ఎత్తిందని నమ్మాలనుకుంటుంది.

2022లో సెయింట్ పీటర్స్ కథ ఇదే. న్యూజెర్సీలోని ఈ చిన్న విశ్వవిద్యాలయం 15వ సీడ్‌గా వచ్చి కెంటకీని అదనపు సమయంలో 85-79తో, తరువాత ముర్రే స్టేట్‌ను, ఆపై పర్డ్యూను 67-64తో ఓడించింది. ఎలీట్ ఎయిట్ చేరిన తొలి 15వ సీడ్ అదే. అక్కడ నార్త్ కరోలినా 69-49తో ఆ పరుగును ఆపింది. ఆ కుర్రాళ్లు సాధించింది నిజంగా గొప్ప విషయం, దాన్ని తక్కువ చేయను. జోస్యం చెప్పేవాళ్లు మాత్రం మూడు గెలుపుల తరువాత కూడా నార్త్ కరోలినానే ఎంచుకోవాల్సింది. 11వ సీడ్లదీ ఇలాంటి చరిత్రే. 1986లో ఎల్‌ఎస్‌యూ, 2006లో జార్జ్ మేసన్, 2011లో వర్జీనియా కామన్‌వెల్త్, 2018లో లయోలా షికాగో, 2021లో యూసీఎల్‌ఏ, 2024లో నార్త్ కరోలినా స్టేట్ నాలుగు జట్లు మిగిలే ఫైనల్ ఫోర్ దాకా వచ్చాయి. ఆరింటిలో ఒక్కటీ ఫైనల్ చేరలేదు.

దీన్ని తిరగేసి చూపే ఉదాహరణ 2023 నాటిది. ఆ ఏడాది ఎలీట్ ఎయిట్‌లో ఒక్క 1వ సీడ్ కూడా మిగల్లేదు, అలా జరగడం అదే మొదటిసారి. ఫైనల్ ఫోర్‌లో కనెటికట్ 4వ సీడ్, శాన్ డియేగో స్టేట్, మయామీ 5వ సీడ్లు, ఫ్లోరిడా అట్లాంటిక్ 9వ సీడ్. ఏమీ ఊహించలేని టోర్నమెంటు అని అందరూ అన్నారు. నిజానికి కనెటికట్ సంగతి సామర్థ్య పట్టికల్లో ముందే రాసి ఉంది. ఆ జట్టు సీజనును వరుసగా 14 గెలుపులతో మొదలుపెట్టి, ఆ తరువాత ఎనిమిది ఆటల్లో ఆరు ఓడింది. ఆ ఓటములు సీడ్‌ను కిందికి లాగాయి. విడతల లెక్క తీస్తే అది దేశంలో అగ్రశ్రేణి జట్టుగానే కనిపించేది. టోర్నమెంటులో ఆరు ఆటలూ గెలిచింది, వాటిలో అతి తక్కువ తేడా 13 పాయింట్లు. మరుసటి ఏడాది 1వ సీడ్‌గా వచ్చి మళ్లీ ఆరూ గెలిచింది, ఈసారి అతి తక్కువ తేడా 14. సీడ్ అంటే ఒక సంఘం సీజను ఫలితాలకు ఇచ్చే గౌరవం. అది ఆడబోయే ఆటకు కొలత కాదు. ఈ రెండింటి మధ్య తేడా ఎక్కడ ఉందో వెతకడమే చివరి రౌండ్ల జోస్యంలో నిజమైన పని అని నా నమ్మకం.

ఆ తేడా ఎక్కువగా మూడు చోట్ల దాగి ఉంటుంది. ఒకటి వేదిక. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. కళాశాల బాస్కెట్‌బాల్‌లో సొంత మైదానం విలువ దాదాపు మూడు పాయింట్లు. పురుషుల టోర్నమెంటులో ఆటలు తటస్థ వేదికల్లో జరుగుతాయి. సొంత ప్రేక్షకుల మధ్య కూడబెట్టిన గెలుపులు ఇక్కడికి అంతగా రావు. మహిళల టోర్నమెంటులో మొదటి 16 జట్లకు మొదటి రెండు రౌండ్లూ సొంత వేదికలోనే ఉంటాయి. అయినా 1998లో 16వ సీడ్ హార్వర్డ్ స్టాన్‌ఫర్డ్‌ను దాని ఇంట్లోనే ఓడించింది. స్టాన్‌ఫర్డ్ ముఖ్య క్రీడాకారిణులు ఇద్దరు గాయపడటం అందుకు పెద్ద కారణం. అదే రెండో విషయం, గాయాలు. 2000లో సిన్సినాటి దేశంలో నంబర్ వన్‌గా ఉండగా, టోర్నమెంటుకు కొద్ది రోజుల ముందు దాని ఆటకు ఇరుసు లాంటి కెన్యన్ మార్టిన్ కాలు విరిగింది. జట్టు రెండో రౌండులోనే టల్సా చేతిలో ఓడింది. 2018 వర్జీనియాకు కూడా డియాండ్రే హంటర్ గాయం వల్ల దూరమయ్యాడు. సీజను సగటు లెక్కల్లో గాయపడ్డవాడు ఇంకా ఆడుతూనే ఉంటాడు కనుక, యంత్రం వేసిన అంచనాను మనిషి సరిదిద్దాల్సిన చోటు ఇదే.

మూడోది దూరం నుంచి పడే బంతులు. ఒక జట్టు ఎన్ని మూడు పాయింట్ల ప్రయత్నాలు చేస్తుందన్నది దాని శైలి. ఫలానా రాత్రి వాటిలో ఎన్ని పడతాయన్నది చాలావరకు అదృష్టం. ప్రత్యర్థుల బంతులు పడకపోవడం వల్ల గొప్పగా కనిపించే రక్షణను అనుమానించాలి. ప్రత్యర్థిని అసలు విసరనివ్వని రక్షణను నమ్మవచ్చు. 2018 సెమీఫైనల్లో విలనోవా కాన్సస్ మీద 18 మూడు పాయింట్ల బంతులు వేసి 95-79తో గెలిచింది. దూరం నుంచి బాగా విసిరేవాళ్లు ఆ జట్టులో అంతమంది ఉన్నారని ముందే తెలుసు. ఆ రాత్రే 18 పడతాయని ఎవరికీ తెలియదు.

నిదానంగా ఆడితే బలహీన జట్టుకు అవకాశం పెరుగుతుందనే మాట తరచూ వినిపిస్తుంది. సూత్రంగా అది నిజం. విడతలు తగ్గితే బలం చూపించే అవకాశాలు తగ్గుతాయి, అదృష్టం వాటా పెరుగుతుంది. 1985 ఫైనల్లో 8వ సీడ్ విలనోవా జార్జ్‌టౌన్‌ను 66-64తో ఓడించింది. అప్పటికి విడతకు కాలపరిమితి లేదు. ఫ్రీ త్రోలు కాక విలనోవా ఆట మొత్తంలో 28 సార్లే బంతి విసిరి 22 వేసింది. ఈనాటికీ అంతకంటే దిగువ సీడ్ జట్టు ఈ కప్పు గెలవలేదు. కానీ ఇప్పటి ఆటలో విడతకు 30 సెకన్ల గడువు ఉంది. 68 విడతల ఆటను ఎవరైనా 60కి లాగారనుకుందాం. 20 పాయింట్ల మెరుగైన జట్టు ఓడే అవకాశం మూడున్నర శాతం నుంచి నాలుగున్నరకు పెరుగుతుంది, అంతే. 4 పాయింట్ల ఆధిక్యం ఉన్నచోట మార్పు ఒక శాతం కూడా ఉండదు. ఈ విషయం మీద జరిగే చర్చకూ దాని అసలు బరువుకూ పొంతన లేదు.

ఇలాంటివే "ఛాంపియన్ లక్షణాలు" అనే జాబితాలు కూడా. దాడిలోనూ రక్షణలోనూ మొదటి ఇరవైలో ఉన్న జట్టే కప్పు గెలుస్తుందని ఒక సూత్రం చలామణిలో ఉంది. మంచి జట్లు గెలుస్తాయనేంత వరకు అందులో నిజముంది. కానీ దాన్ని రుజువు చేయడానికి చాలామంది సీజను పూర్తయ్యాక ఉన్న పట్టిక చూస్తారు. అప్పటికి ఛాంపియన్ ఆరు గట్టి గెలుపులతో పైకి వెళ్లిపోయి ఉంటుంది. జవాబు చూసుకుని ప్రశ్న రాయడం లాంటిదే ఇది. టోర్నమెంటు మొదలయ్యే ముందు రోజు నాటి పట్టిక తీస్తే ఆ సూత్రం అంత నిగనిగలాడదు.

దారి సంగతి చాలామంది పట్టించుకోరు. ఫైనల్ ఫోర్ చేరాలంటే స్వీట్ సిక్స్‌టీన్ జట్టు రెండు ఆటలు గెలవాలి. మొదటి ప్రత్యర్థి మీద దానికి 70 శాతం అవకాశం ఉందనుకోండి. రెండో ప్రత్యర్థిగా బలమైన జట్టు రావడానికి 60 శాతం అవకాశం, దాని మీద గెలవడానికి 55 శాతమే. బలహీన జట్టు రావడానికి మిగిలిన 40 శాతం, దాని మీద గెలవడానికి 75 శాతం. అన్నీ కలిపితే 44 శాతం. అంటే రెండు ఆటల్లో ఎవరితో ఆడినా తానే బలమైనదైన జట్టుకు కూడా, ఫైనల్ ఫోర్ చేరడం కంటే చేరకపోవడానికే ఎక్కువ అవకాశం ఉంది. అదే విభాగంలో గట్టి ప్రత్యర్థి ముందే ఓడిపోతే ఈ జట్టు ఒక్క బంతి వేయకుండానే దాని అవకాశం పెరుగుతుంది. 1997లో 4వ సీడ్ అరిజోనాకు అలాంటి అదృష్టం దక్కలేదు. అది కాన్సస్, నార్త్ కరోలినా, కెంటకీ అనే మూడు 1వ సీడ్లను ఓడించి కప్పు తీసుకుంది.

అమెరికాలో ఉద్యోగాలు చేసే మన తెలుగువాళ్లలో చాలామందికి ఈ పోటీ ఆఫీసు పందెపు పట్టిక ద్వారానే పరిచయం అవుతుంది. అక్కడ ప్రశ్నే మారిపోతుంది. ఈఎస్‌పీఎన్ పద్ధతిలో సరైన అంచనాకు మొదటి రౌండులో 10 పాయింట్లు, తరువాత 20, 40, 80, 160, చివరి ఆటకు 320. అంటే విజేతను సరిగ్గా చెబితే మొదటి రౌండు 32 ఆటలూ సరిగ్గా చెప్పినంత విలువ. 1985 నుంచి 2025 వరకు 40 టోర్నమెంట్లలో 26 సార్లు 1వ సీడే గెలిచింది కనుక అక్కడ సాహసానికి పోవడం నష్టమే. అయితే ఆఫీసులో సగం మంది రాసిన 1వ సీడ్‌నే మీరూ రాస్తే, అది గెలిచినా వాళ్లందరితో పంచుకోవాలి. గెలిచే అవకాశం కొంచెమే తక్కువగా ఉండి, చాలా తక్కువమంది రాసిన మరో 1వ సీడ్ మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది. అంచనా సరిగ్గా ఉండటం, పోటీలో నెగ్గడం వేర్వేరు లక్ష్యాలు.

అంచనా మంచిదో కాదో తేల్చడానికి న్యాయమైన పద్ధతి ఒకటుంది. పేరుకు బదులు శాతం రాయాలి. గెలిస్తే 1, ఓడితే 0 అనుకుని, మీ సంఖ్యకూ ఫలితానికీ తేడాను వర్గం చేయాలి. 70 శాతమన్న జట్టు గెలిస్తే తప్పు 0.09, ఓడితే 0.49. 95 శాతమన్న జట్టు ఓడితే 0.90. ఎప్పుడూ 50 శాతమనే రాసేవాడికి ప్రతిసారీ 0.25 పడుతుంది. చివరి 15 ఆటల్లో ఆ 0.25ను కొంతైనా తగ్గించగలిగినవాడు మంచి జోస్యుడు, అదీ ఒక్క ఏడాదిలో కాదు, ఎన్నో ఏళ్ల సగటులో. 2019 వర్జీనియాను చూస్తే ఒక్క ఏడాది ఎందుకు చాలదో తెలుస్తుంది. ఏడాది క్రితం 16వ సీడ్ చేతిలో ఓడిన ఆ జట్టు, ఎలీట్ ఎయిట్‌లో పర్డ్యూ మీద ఆఖరి క్షణంలో వేసిన బంతితో అదనపు సమయానికి వెళ్లి 80-75తో గెలిచింది. సెమీఫైనల్లో 0.6 సెకను మిగిలి ఉండగా కైల్ గై మూడు ఫ్రీ త్రోలూ వేసి ఆబర్న్‌ను 63-62తో ఓడించాడు. ఫైనల్లో మళ్లీ చివరి సెకన్లలో సమం చేసి, అదనపు సమయంలో టెక్సస్ టెక్ మీద 85-77తో కప్పు గెలిచింది. వరుసగా మూడు ఆటల్లో ఏ ఒక్క బంతి తప్పినా వర్జీనియాను ఎంచుకున్నవాళ్లు తప్పు చెప్పినవాళ్లయి ఉండేవారేమో.

పాత గణాంకాల మీద కూడా జాగ్రత్త అవసరమైన కాలం ఇది. 2021 నుంచి ఆటగాళ్లు ఒక ఏడాది ఖాళీగా కూర్చోకుండానే విశ్వవిద్యాలయం మారవచ్చు, తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చు. చిన్న జట్టులో మెరిసిన కుర్రాడు మరుసటి ఏడాదికి పెద్ద జట్టులో ఉంటున్నాడు. 2025 స్వీట్ సిక్స్‌టీన్‌లోని 16 జట్లూ, సీజనులో తమలో తాము ఆడుకునే నాలుగే పెద్ద కూటములవి, చిన్న కూటమి జట్టు ఒక్కటీ లేదు. 1985 నుంచి పోగైన సీడ్ల చరిత్ర ఇకపై ఎంతవరకు వర్తిస్తుందో ఇంకొన్ని టోర్నమెంట్లు జరిగితేగాని తేలదు.

ఆ 2025లోనే ఫైనల్ ఫోర్‌కు ఆబర్న్, డ్యూక్, హ్యూస్టన్, ఫ్లోరిడా అనే నాలుగు 1వ సీడ్లూ చేరాయి. 2008 తరువాత అలా జరగడం అదే మొదటిసారి. అంతా ఊహించినట్టే జరిగిందని చాలామంది తేల్చేశారు. కానీ హ్యూస్టన్ స్వీట్ సిక్స్‌టీన్‌లో పర్డ్యూను 62-60తో దాటింది. ఫ్లోరిడా రెండో రౌండులో కనెటికట్ మీద 77-75తో బయటపడింది, ఎలీట్ ఎయిట్‌లో టెక్సస్ టెక్ మీద దాదాపు మూడు నిమిషాలే మిగిలి ఉండగా తొమ్మిది పాయింట్లు వెనుకబడి ఉండి తేరుకుంది. సెమీఫైనల్లో డ్యూక్ రెండో అర్ధభాగంలో 14 పాయింట్ల ఆధిక్యాన్ని చేజార్చుకుని హ్యూస్టన్‌కు 70-67తో తలవంచింది. ఫైనల్లో ఫ్లోరిడా 12 పాయింట్ల వెనుకబాటు నుంచి వచ్చి 65-63తో నిలిచింది. చివరి సెకన్లలో బంతి హ్యూస్టన్ చేతిలోనే ఉంది. గెలవడానికి ఒక్క విసురు చాలు. వాల్టర్ క్లేటన్ దూసుకొచ్చి అడ్డుపడటంతో ఆ విసురు గాలిలోకి లేవనేలేదు. బంతి నేల మీద దొర్లుతుండగా సమయం అయిపోయింది.